స్పీకర్ బ్రోషర్ చెప్పేవి, దాటవేసేవి

“ఏరోస్పేస్ గ్రేడ్ కోన్. 35 హెర్ట్జ్ నుంచి 40 కిలోహెర్ట్జ్ దాకా ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్. 90 డెసిబెల్స్ సెన్సిటివిటీ. 200 వాట్ల పవర్ హ్యాండ్లింగ్. ఆడియోఫైల్ గ్రేడ్ క్రాసోవర్. గదంతా పరుచుకునే హోలోగ్రాఫిక్ సౌండ్‌స్టేజ్. ఇదంతా పుస్తకాల అరలో పట్టేంత చిన్న బాక్సులో!”

ఈ ప్రకటన ఏ ఒక్క కంపెనీదీ కాదు. హైఫై స్పీకర్ల బ్రోషర్లలో పదే పదే కనిపించే మాటలను ఒకచోట కుట్టిన నమూనా. గమ్మత్తు ఏమిటంటే, ఇందులో పచ్చి అబద్ధం ఒక్కటి కూడా ఉండనక్కర్లేదు. ప్రతి అంకె వెనకా ఒక షరతు ఉంటుంది. అంకెను పెద్ద అక్షరాల్లో వేసి షరతును వదిలేస్తే చాలు, కొనేవాడి ఊహ మిగతా పని చేసుకుపోతుంది. బైకు మైలేజీ చెప్పి, ఏ రోడ్డు మీద, ఎంత వేగంతో, ఎంత బరువుతో అన్నది చెప్పకపోవడం లాంటిదే ఇది.

స్పీకర్ తయారీలో ఎవరూ తప్పించుకోలేని బేరం ఒకటుంది. బాక్సు చిన్నదిగా ఉండాలి, బేస్ లోతుగా దిగాలి, తక్కువ పవర్‌తోనే గట్టిగా మోగాలి. ఈ మూడింటిలో రెండే దక్కుతాయి. మూడోది వదులుకోవాల్సిందే. దీన్ని హాఫ్‌మన్ ఇనుప సూత్రం అంటారు. అమెరికాలో 1957లో మొదలైన కేఎల్‌హెచ్ అనే స్పీకర్ల కంపెనీ పేరులో చివరి అక్షరం ఈ జోసెఫ్ ఆంటన్ హాఫ్‌మన్‌దే. ప్రఖ్యాత పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కొడుకు ఈయన. ఆ కంపెనీ స్థాపకుల్లో ఇంకొకరైన హెన్రీ క్లాస్ అంతకు మూడేళ్ల ముందు, 1954లో, ఎడ్గర్ విల్చర్‌తో కలిసి ఏఆర్-1 అనే స్పీకర్ తెచ్చాడు. అప్పటిదాకా లోతైన బేస్ కావాలంటే గదిలో ఒక మూలనంతా ఆక్రమించే బాక్సు కావాలి. వీళ్లు బాక్సును గాలి చొరబడకుండా మూసేసి, లోపల చిక్కిన గాలినే కోన్‌కు (ముందుకీ వెనక్కీ కదిలి గాలిని తోసే భాగం) స్ప్రింగుగా వాడుకున్నారు. బాక్సు చిన్నదైంది, బేస్ లోతుగానే దిగింది. కానీ అదే శబ్దం రావడానికి ఆంప్లిఫయర్ అంతకు ముందుకన్నా చాలా ఎక్కువ పవర్ పోయాల్సి వచ్చింది. తర్వాత 1961లో ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ ఈ బేరాన్ని సమీకరణాల్లోకి దించారు. ఇవాళ బాక్సు డిజైన్ చేసే ప్రతి సాఫ్ట్‌వేరూ ఆ లెక్కల మీదే నడుస్తుంది.

కాబట్టి చిన్న బాక్సు, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ మూడూ ఒకే పేజీలో కనిపిస్తే, ఏదో ఒకదాని షరతు జారిపోయిందనే అర్థం. ఎక్కడ జారిపోయిందో వెతకడమే మిగిలిన పని.

35 హెర్ట్జ్ ఎక్కడి నుంచి వచ్చింది?

ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ అంటే స్పీకర్ ఏ స్వరాన్ని ఎంత గట్టిగా పలుకుతుందో చూపే గీత. అది గీత కాబట్టి రెండు చివరల అంకెలు చెబితే సరిపోదు, మధ్యలో ఎంత హెచ్చుతగ్గులున్నాయో కూడా చెప్పాలి. “55 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, ±3 డెసిబెల్స్” అన్నది సమాచారం. “35 హెర్ట్జ్ నుంచి 40 కిలోహెర్ట్జ్” అన్నది ఉత్త అలంకారం. ఎందుకంటే 35 హెర్ట్జ్ దగ్గర ఆ స్పీకర్ ఎంతో కొంత చప్పుడైతే చేస్తుంది. ఎంత అన్నదే ప్రశ్న.

తరచూ జరిగేది ఇది: అయిదుంబావు అంగుళాల వూఫర్ (కింది స్వరాలు పలికే భాగం) ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ నిజంగా సమంగా పలికేది ఏ 55, 60 హెర్ట్జ్ నుంచో. అక్కడి నుంచి కిందికి గీత జారుతూ పోతుంది. 3 డెసిబెల్స్ తగ్గినచోట ఆగి అంకె రాసుకుంటే నిజాయితీ. 6 తగ్గిందాకా పోతే ఇంకాస్త ఆకర్షణీయమైన అంకె వస్తుంది. 10 తగ్గిందాకా లాగితే 35 కూడా రావచ్చు. 10 డెసిబెల్స్ తగ్గడమంటే శక్తిలో పదో వంతే మిగలడం. మధ్య స్వరాల్లోనైతే అది సగం గట్టిగా వినిపించినట్టు ఉంటుంది. బేస్ దగ్గరికొచ్చేసరికి మన చెవి ఇంకా నిర్దయగా ఉంటుంది, అంతే తగ్గుదల అక్కడ సగం కన్నా చాలా ఎక్కువ నష్టంగా తెలుస్తుంది. అంకెల పక్కన “−6”, “−10” అని చిన్న అక్షరాల్లో వేసే కంపెనీలను మెచ్చుకోవాలి, కనీసం చెప్పాయి. అసలేమీ వేయనివాటి మొదటి అంకెను పట్టించుకోకపోవడమే మంచిది.

భౌతికశాస్త్రం ఇక్కడ ఎంత కఠినమో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఒకే శబ్దస్థాయి నిలుపుకోవాలంటే ఒక ఆక్టేవ్ కిందికి, అంటే సగం ఫ్రీక్వెన్సీకి దిగిన ప్రతిసారీ కోన్ నాలుగు రెట్లు ఎక్కువ గాలిని తోయాలి. 70 హెర్ట్జ్ దగ్గర కోన్ ఒక మిల్లీమీటరు కదిలితే, 35 దగ్గర నాలుగు మిల్లీమీటర్లు కదలాలి. అయిదుంబావు అంగుళాల వూఫర్‌లో గాలిని తోసే వైశాల్యం సుమారు 90 చదరపు సెంటీమీటర్లు. అది ముందుకీ వెనక్కీ అయిదేసి మిల్లీమీటర్లు కదలగలదని ఉదారంగా అనుకుందాం. మూసిన బాక్సులో, గోడలో పొదిగినట్టు అమర్చినా, 35 హెర్ట్జ్ దగ్గర ఒక మీటరు దూరంలో దాని గరిష్ఠం 83 డెసిబెల్స్. అంతకు మించి వాల్యూమ్ పెంచితే వచ్చేది బేస్ కాదు, కోన్ చివరిదాకా కొట్టుకుంటున్న చప్పుడు. బాక్సుకు గొట్టం పెట్టి, అంటే పోర్టుతో, కొంత లాభం పొందవచ్చు. దానికీ ధర ఉంది. మూసిన బాక్సులో బేస్ ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ చొప్పున మెల్లగా తగ్గితే, పోర్టు బాక్సులో ఆ గొట్టం పలికే ఫ్రీక్వెన్సీ కిందికి దిగిన తర్వాత 24 చొప్పున ఒక్కసారిగా పడిపోతుంది.

ఇక అటు చివర 40 కిలోహెర్ట్జ్. ఇది ఊరికే వచ్చిన అంకె కాదు. జపాన్ ఆడియో సొసైటీ ఇచ్చే ‘హై-రెస్ ఆడియో’ బంగారు రంగు లోగోకు స్పీకర్లు 40 కిలోహెర్ట్జ్ దాకా పలకాలన్నది ఒక అర్హత. మనిషి చెవి పరిమితి యవ్వనంలో 20 కిలోహెర్ట్జ్. వయసు పెరిగేకొద్దీ అది దిగుతూ వస్తుంది, నడివయసు దాటిన చాలామందికి 14, 12 మించి వినపడదు. సీడీలో ఉన్న సంగీతం 22.05 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. మొత్తానికి 40 అనేది గబ్బిలాలకు పనికొచ్చే అంకె. అయితే ఆ వైపు ఒక అసలు విషయం ఉంది, దాన్ని బ్రోషర్ అరుదుగా ప్రస్తావిస్తుంది. పై స్వరాలు పలికే గుమ్మటం ఆకారపు అల్యూమినియం భాగాలు, అంటే డోమ్ ట్వీటర్లు, సాధారణంగా 25 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య గంటలా మోగుతాయి. ఆ మోత ఎంత దూరంగా, ఎంత తక్కువగా ఉంటే వినపడే స్వరాలు అంత శుభ్రంగా ఉంటాయి. అక్కడి శిఖరాన్నే ‘విస్తృత శ్రేణి’గా లెక్కలోకి వేసుకుంటే మాత్రం లోపమే గుణమై కూర్చుంటుంది.

డెసిబెల్స్, ఓమ్‌లు, వాట్లు

సెన్సిటివిటీ అంకె చూడటానికి అమాయకంగా ఉంటుంది. 90 డెసిబెల్స్ అంటే నిర్ణీత విద్యుత్తు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే వచ్చిన శబ్దం. ఒకప్పుడు ఆ ‘నిర్ణీత విద్యుత్తు’ 1 వాట్. ఇప్పుడు ఎక్కువగా 2.83 వోల్టులు. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 2.83 వోల్టులిస్తే సరిగ్గా 1 వాటే ఖర్చవుతుంది. అదే 4 ఓమ్‌ల స్పీకర్‌కైతే 2 వాట్లు లాగేస్తుంది. రెండింతల పవర్ అంటే 3 డెసిబెల్స్ అదనం. అంటే 4 ఓమ్‌ల స్పీకర్ మీద రాసిన 90, వాట్ లెక్కన చూస్తే 87. దీనికితోడు కొన్ని కంపెనీలు ప్రతిధ్వని లేని చాంబర్‌లో కాకుండా ‘సాధారణ గదిలో’ కొలిచామని చెప్పి గోడల సాయాన్ని కూడా తమ ఖాతాలో వేసుకుంటాయి. అప్పుడు మరో 3 వచ్చి పడుతుంది. స్వతంత్రంగా కొలతలు ప్రచురించే పత్రికల్లో అసలు అంకె కంపెనీ చెప్పినదాని కన్నా రెండు మూడు డెసిబెల్స్ తక్కువగా తేలడం ఏమాత్రం కొత్త కాదు.

రెండు మూడే కదా అనిపించవచ్చు. కానీ 3 డెసిబెల్స్ లోటును పూడ్చాలంటే ఆంప్లిఫయర్ పవర్ రెట్టింపు కావాలి. 50 వాట్ల ఆంప్లిఫయర్‌తో సరిపోతుందనుకున్న చోట 100 వాట్లది కొనాలి.

ఇంపీడెన్స్, అంటే విద్యుత్తుకు స్పీకర్ చూపే అడ్డు, కథ కూడా దీనికి అనుబంధమే. స్పీకర్‌కు స్థిరమైన ఓమ్‌లు ఉండవు, ఫ్రీక్వెన్సీని బట్టి అది ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60268-5 ప్రకారం అది చెప్పిన విలువలో 80 శాతం కన్నా కిందికి దిగకూడదు. అంటే 8 ఓమ్‌లని రాస్తే ఎక్కడా 6.4 కన్నా తగ్గకూడదు. ఆచరణలో 3.5 ఓమ్‌ల దాకా దిగే స్పీకర్ల మీద కూడా “8 ఓమ్‌లకు అనుకూలం” అని రాసి ఉంటుంది. ‘8 ఓమ్‌ల స్పీకర్’ అనలేదు గమనించండి, ‘అనుకూలం’ అన్నారు. ఎవరో లాయరు చూసి దిద్దిన వాక్యంలా ఉంటుంది. చవక ఏవీ రిసీవర్‌తో (టీవీ, సినిమాల శబ్దానికి వాడే ఆంప్లిఫయర్ పెట్టె) జత చేసేవాళ్లు వెతకాల్సింది కనిష్ఠ ఇంపీడెన్స్. అది వేసి ఉంటే ఆ కంపెనీకి ఇంజినీర్ల మాట చెల్లుతోందని అనుకోవచ్చు.

వాట్ల దగ్గరికొస్తే మన దగ్గర పెద్దగా పరిచయం అక్కర్లేదు. 1990ల్లో, 2000ల్లో టేప్‌రికార్డర్ల మీద, కంప్యూటర్ స్పీకర్ల మీద ‘పీఎంపీఓ’ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) స్టిక్కర్లు చూడని తెలుగిల్లు తక్కువ. అరచేతిలో పట్టే పెట్టెకు వెయ్యి వాట్లు. ఆ పొట్టి అక్షరాల వెనక ఏ ప్రమాణ సంస్థ నిర్వచనమూ లేదు, కంపెనీకి తోచిన అంకే లెక్క. దాన్ని పరీక్షించడానికి ల్యాబ్ అక్కర్లేదు, అడాప్టర్‌ను తిరగేసి దాని మీద అచ్చు చదివితే చాలు. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే లోపలికి వెళ్లేదే 24 వాట్లు. అంతకన్నా ఎక్కువ నిలకడగా బయటికి రావడం జరగని పని. పీఎంపీఓ మాట ఇప్పుడు మరుగున పడింది కానీ, సౌండ్‌బార్ల మీద ‘మొత్తం సిస్టమ్ పవర్’ అనే కొత్త పేరుతో అదే అలవాటు బతికే ఉంది. ఆ పెట్టె వెనక లేబుల్ మీద విద్యుత్ వినియోగం ఎంతో చూడండి. అది సగటు లెక్క కాబట్టి అక్షరాలా తీసుకోకూడదు, కానీ పైన వేసిన అంకెకూ కింద రాసిన అంకెకూ పదింతల తేడా ఉంటే సంగతి అర్థమైపోతుంది. అమెరికాలో ఈ పోటీ 1970లకే ముదిరింది. ఇళ్లలో వాడే ఆంప్లిఫయర్ల వాట్లను ఎలా కొలిచి చెప్పాలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో నిబంధన తేవాల్సి వచ్చింది, 2024లో దాన్ని మళ్లీ బిగించింది.

హైఫై స్పీకర్ మీద ఉండే ‘200 వాట్లు’ వేరే జాతిది. అది స్పీకర్ ఇచ్చే శక్తి కాదు, తట్టుకునే శక్తి. 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ తనకిచ్చిన విద్యుత్తులో 0.3 శాతాన్నే శబ్దంగా మారుస్తుంది. మిగతా 99.7 శాతం దాదాపు అంతా కోన్‌ను కదిలించే తీగచుట్టలో, అంటే వాయిస్ కాయిల్‌లో, వేడిగా పోతుంది. రాగి ఒక్కో డిగ్రీ వేడెక్కేకొద్దీ దాని నిరోధం 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. కాయిల్ నూటయాభై డిగ్రీలు వేడెక్కితే నిరోధం సగానికి పైగా పెరిగి, స్పీకర్ తీసుకునే పవరే తగ్గిపోతుంది. ఎంత తిప్పినా శబ్దం పెరగని ఈ స్థితిని పవర్ కంప్రెషన్ అంటారు. 200 వాట్లని రాసిన స్పీకర్ మొదటి 20 వాట్ల తర్వాత ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే బ్రోషర్ అపురూపం. ఆ మాటకొస్తే మామూలు ఇంట్లో, మామూలు వాల్యూమ్‌లో పాటలు వినేటప్పుడు సగటున ఖర్చయ్యేది ఒక వాట్ చుట్టుపక్కలే. దెబ్బ పడిన క్షణాల్లో, డప్పు మీద పుల్ల తగిలినప్పుడో, డ్రమ్ మీద కొట్టినప్పుడో మాత్రం అది పదులు, వందల రెట్లు ఎగబాకుతుంది.

కోన్ దేనితో చేశారన్నది

బ్రోషర్లలో ఎక్కువ స్థలం తినేది ఇదే: కెవ్లార్, కార్బన్ ఫైబర్, గ్రాఫీన్, బెరీలియం, వజ్రం. పదార్థాలకు ప్రాధాన్యం లేదని కాదు. కోన్ తేలిగ్గా ఉండాలి, గట్టిగా ఉండాలి, దానంతటది మోగకుండా ఉండాలి. మొదటి రెండు గుణాలున్న లోహాలకు మూడోది ఉండదు, మూడోది ఉన్న ప్లాస్టిక్‌లకు, కాగితానికి రెండోది తక్కువ. ఇక్కడా బేరమే. వజ్రం, బెరీలియం డోములు మోగే ఫ్రీక్వెన్సీని వినికిడికి చాలా పైకి నెడతాయి, ఖర్చును ఇంకా పైకి నెడతాయి. బెరీలియం ధూళి ఊపిరితిత్తులకు విషం కాబట్టి తయారీ కూడా తేలిక కాదు.

కెవ్లార్ చరిత్ర ఒక్కటి చూస్తే చాలు. బ్రిటన్ కంపెనీ బౌవర్స్ అండ్ విల్కిన్స్ 1970ల నుంచి పసుపుపచ్చ నేత కెవ్లార్ కోన్‌ను తన గుర్తుగా మార్చుకుంది. బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లలో వాడే దారం కాబట్టి ‘గట్టిదనం’ అందరికీ గుర్తుండిపోయింది. నిజానికి స్పీకర్‌లో ఆ నేత గొప్పతనం గట్టిదనం కాదు. వంగేటప్పుడు ఒక్క స్వరం దగ్గరే మోగకుండా, వంపును చాలా స్వరాలకు మెత్తగా పంచడం దాని గుణం. నాలుగు దశాబ్దాల తర్వాత 2015లో అదే కంపెనీ తన పై శ్రేణి స్పీకర్లలో కెవ్లార్‌ను తీసేసి కాంటినమ్ అనే కొత్త నేత పెట్టింది, పాతదాని కన్నా ఇది ఎంత మేలో వివరించింది. రెండు సార్లూ ఇంజినీర్లు మనస్ఫూర్తిగానే పనిచేసి ఉంటారు. కాకపోతే నిన్నటి పదార్థంలో లోటు ఉందన్న సంగతి రేపటి పదార్థం అమ్మకానికి వచ్చేదాకా బ్రోషర్లో కనిపించదు.

మామూలు కాగితపు కోన్‌తో, పట్టు డోమ్‌తో గొప్ప స్పీకర్లు వచ్చాయి, వస్తున్నాయి. కోన్ మోగే చోటుకు చాలా కిందే క్రాసోవర్ (స్వరాలను వూఫర్‌కూ ట్వీటర్‌కూ పంచే సర్క్యూట్) దాన్ని ఆపేస్తే, అది దేనితో చేసిందైనా వినేవాడికి తేడా తక్కువ. ‘ఏరోస్పేస్ గ్రేడ్’ అన్న మాటకు మాత్రం ధ్వనిశాస్త్రంలో ఏ అర్థమూ లేదు. విమానాల్లో వాడే అల్యూమినియం మిశ్రమ లోహాలే కిటికీ ఫ్రేముల దాకా నానా చోట్లా ఉన్నాయి.

‘ఆడియోఫైల్ గ్రేడ్ క్రాసోవర్’ కూడా ఈ కోవలోదే. కెపాసిటర్ ఏ బ్రాండ్‌దో చెబుతారు. క్రాసోవర్ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర, ఎంత వాలుతో వూఫర్‌ను ఆపి ట్వీటర్‌కు అప్పగిస్తుందన్నది అసలు విషయం. ‘సరళమైన, స్వచ్ఛమైన ఫస్ట్ ఆర్డర్ క్రాసోవర్’ అంటే ఆక్టేవ్‌కు 6 డెసిబెల్స్ వాలే. ఆ వాలు చాలక వూఫర్, ట్వీటర్ రెండూ చాలాదూరం ఒకదాని మీద ఒకటి పలుకుతాయి, తల కాస్త పైకెత్తినా దించినా స్వరం మారుతుంది. 1976లో సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ ప్రచురించిన, రస్ రైలీతో కలిపి వాళ్ల పేరుతోనే పిలిచే 24 డెసిబెల్స్ వాలు పద్ధతి ఈ చిక్కును చాలావరకు తీర్చింది. దాన్ని వాడే కంపెనీలు ఎన్నో ఉన్నా బ్రోషర్‌కు ఎక్కేది కెపాసిటరే, ఫొటోలో బాగుంటుంది కాబట్టి.

వైర్ల మీద ఎక్కువ చెప్పాల్సింది లేదు. ‘ఆక్సిజన్ లేని రాగి’కి, మామూలు కరెంటు వైర్లలోని శుద్ధమైన రాగికి నిరోధంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఇంటి వైరింగులో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మూడు మీటర్లు లాగితే రానూపోనూ నిరోధం 0.07 ఓమ్. స్పీకర్ ముందు అది లెక్కలోకి రాదు. ‘వంద గంటలు మోగిస్తే గానీ అసలు స్వరం బయటపడదు’ అన్న బర్న్-ఇన్ సలహాను కూడా అనుమానంతోనే చూడాలి. కొత్త వూఫర్‌లో కోన్‌ను పట్టి ఉంచే సాగే భాగం, అంటే సస్పెన్షన్, మొదట కొంత సడలడం నిజమే. ఆ తర్వాత మారేది ఎక్కువగా వినేవాడి అలవాటు. ఈలోగా సరుకు వాపసు గడువు మాత్రం దాటిపోతుంది.

విశేషణాలను గీత మీద పెట్టి చూస్తే

అమెరికాలో జె. గోర్డన్ హోల్ట్ 1962లో స్టీరియోఫైల్ పత్రిక పెట్టినప్పుడు, కొలతలతోనే ఆగిపోయే నాటి సమీక్షల మీద అసంతృప్తితో, విన్నదాన్ని మాటల్లో చెప్పే పద్ధతి తెచ్చాడు. వెచ్చగా, గాలి ఆడినట్టు, పొడిగా, ముందుకొచ్చినట్టు వంటి మాటలకు అప్పట్లో జాగ్రత్తగా ఇచ్చిన అర్థాలున్నాయి. సమీక్షకుడి చేతిలో అవి పనిముట్లు. ప్రకటన రాసేవాడి చేతికి చిక్కాక పూలదండలయ్యాయి. అయినా వాటిలో చాలావాటిని ఇప్పటికీ ఫ్రీక్వెన్సీ గీత మీద గుర్తు పెట్టొచ్చు.

‘వెచ్చని ధ్వని’ అంటే చాలాసార్లు 100 నుంచి 300 హెర్ట్జ్ మధ్య కాస్త ఉబ్బు, లేదా పై స్వరాలు మెల్లగా దిగడం. మృదంగం తొప్పి వైపు గంభీర నాదం నిండుగా వినిపిస్తుంది, ఘంటసాల లాంటి మంద్ర స్వరానికి ఇంకాస్త ఒళ్లు వస్తుంది. బీబీసీ తన రికార్డింగ్ వ్యాన్ల కోసం 1970ల్లో రూపొందించిన ఎల్ఎస్3/5ఏ అనే బుల్లి మానిటర్‌కు (రికార్డింగ్‌ను సరిచూసుకోవడానికి వాడే స్పీకర్) ఈ పేరు బాగా ఉంది. దాని గీతలో 100 హెర్ట్జ్‌కు కాస్త పైన చిన్న ఉబ్బు కనిపిస్తుంది. అంత చిన్న బాక్సులో నిజమైన లోతు రాదు కాబట్టి, ఆ ఉబ్బు లోతు ఉన్న భ్రమ కలిగిస్తుంది. సెన్సిటివిటీ 82, 83 దగ్గరే. హాఫ్‌మన్ బేరంలో ఏది వదులుకున్నారో దాచకుండా కనిపించే స్పీకర్ అది.

‘వివరాలన్నీ విప్పి చూపే’, ‘విశ్లేషణాత్మక’ అంటే ఎక్కువగా 5 కిలోహెర్ట్జ్‌కు పైన ఎత్తు. షోరూంలో అయిదు నిమిషాలు అద్భుతంగా ఉంటుంది. ఇంట్లో గంట విన్నాక పాటలోని స, ష, శ అక్షరాలు చెవిలో గుచ్చుకోవడం మొదలవుతుంది. ‘తీరికైన’, ‘మర్యాదైన’ అంటే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య చిన్న గుంట, గొంతు ఒక అడుగు వెనక్కి జరిగినట్టు ఉంటుంది. అక్కడే ఎత్తు ఉంటే ‘ప్రాణం ఉట్టిపడే’ అంటారు. అలాంటి స్పీకర్ మీద నాదస్వరం పెట్టి చూస్తే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ‘వేగవంతమైన బేస్’ చాలా మట్టుకు తక్కువ బేస్. లోతు లేకపోతే గదిని కదిలించేదీ లేదు, వెనక మిగిలే గుయ్యిమనే మోతా లేదు. ఇక ‘మ్యూజికల్’, ‘రిఫరెన్స్’, ‘స్టూడియో మానిటర్’ వంటివాటిని గీత మీద ఎక్కడా పెట్టలేం, ఎవరైనా ఎక్కడైనా రాసుకోవచ్చు. హైఫై అన్న మాటకే 1960ల్లో జర్మనీ డీఐఎన్ 45500 పేరుతో కనీస అర్హతలు నిర్ణయించింది. ఇప్పుడు ఆ కాపలా కూడా లేదు.

‘హోలోగ్రాఫిక్ సౌండ్‌స్టేజ్’, అంటే గొంతు, వాయిద్యాలు గదిలో తలోచోట ఉన్నట్టు తోచడం, దాని సంగతి వేరు. ఇది స్పీకర్‌కు ఎదురుగా కొలిచిన గీత ఒక్కదానితో తేలేది కాదు. కూర్చున్నచోటికి స్పీకర్ నుంచి నేరుగా వచ్చేది కొంతే, మిగతాది గోడలు, నేల, పైకప్పు తాకి వస్తుంది. పక్కలకు వెళ్లే శబ్దం కూడా ముందుకు వచ్చేదాని స్వభావాన్నే పోలి ఉంటే చెవికి నిండుగా, స్థిరంగా ఉంటుంది. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లోనూ, తర్వాత స్పీకర్లు చేసే హార్మన్ కంపెనీలోనూ ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ దశాబ్దాలపాటు చేసిన పని సారం ఇదే. ఇప్పుడు సీటీఏ-2034 అనే ప్రమాణంగా స్థిరపడిన పద్ధతిలో స్పీకర్‌ను అడ్డంగా, నిలువుగా పది డిగ్రీలకోసారి తిప్పుతూ 70 కొలతలు తీస్తారు. ఆ గీతలు చూసి, తెర వెనక పెట్టి వినిపిస్తే జనం ఏ స్పీకర్‌ను మెచ్చుకుంటారో చాలావరకు ముందే చెప్పవచ్చని ఆలివ్ 2004లో చూపించాడు. ఆ అంచనాలో సుమారు 30 శాతం బరువు బేస్ ఎంత లోతుకు దిగుతుందన్నదానిదే.

తెర తీసేస్తే మాత్రం లెక్క తప్పుతుంది. 1994లో వీళ్లిద్దరూ 40 మంది హార్మన్ ఉద్యోగులకే అవే స్పీకర్లను ఒకసారి కనపడకుండా, ఒకసారి కనపడేలా వినిపించారు. కనపడనప్పుడు మంచి మార్కులు తెచ్చుకున్న చిన్న, చవక సెట్టు కనపడేసరికి కిందికి పడిపోయింది. పెద్దవి, అందమైనవి పైకెక్కాయి. ఆ పనిలోనే ఉన్నవాళ్ల చెవులనే కళ్లు అంతగా నడిపిస్తే, నిగనిగలాడే చెక్క పొర మీద, రాగి రంగు మరల మీద కంపెనీలు అంత డబ్బు ఎందుకు పెడతాయో వేరే చెప్పక్కర్లేదు.

బ్రోషర్‌కు తెలియని గది

ఎంత నిజాయితీగా కొలిచినా బ్రోషర్ చెప్పలేనిది ఒకటుంది, అది కొనేవాడి గది. సుమారు 200, 300 హెర్ట్జ్ కింద వినిపించేదాన్ని స్పీకర్ కన్నా గదే ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని బట్టి కొన్ని స్వరాలు నిలిచిపోయి ఊగుతాయి. మన అపార్ట్‌మెంట్లలో మామూలైన పది అడుగుల గదికి ఆ మొదటి స్వరం 56 హెర్ట్జ్. శ్లాబు ఎత్తు కూడా పది అడుగులే కాబట్టి అదే 56 నిలువునా మళ్లీ వస్తుంది. గది పది బై పది అయితే మూడు దిక్కులా ఒకే స్వరం పోగుపడుతుంది. పది బై పన్నెండు అయితే ఒక దిక్కు 47కు జరిగి కాస్త నయం. గది నట్టనడుమ కూర్చున్నవాడికి ఆ స్వరం దాదాపు మాయమవుతుంది, గోడకు ఆనించిన సోఫాలో ఉన్నవాడికి అదే గుయ్యిమంటుంది. వేల రూపాయలు ఎక్కువ పెట్టి 55 నుంచి 40 హెర్ట్జ్‌కు దిగే స్పీకర్ కొని, గదిలో ఏదీ కదపకపోతే ఆ డబ్బు ఎక్కువగా గోడలకే పోతుంది. సోఫాను గోడ నుంచి రెండడుగులు ముందుకు జరపడానికి ఖర్చేమీ లేదు. టైల్స్ నేల, నున్నటి సిమెంటు గోడలు ఉన్నచోట చప్పట్లు కొడితే కణకణమని తిరిగొచ్చే ఎకోకు ఒక మందపాటి తివాచీ, పుస్తకాల బీరువా చేసే మేలు ఏ వజ్రపు ట్వీటరూ చేయలేదు.

కొనబోయే ముందు వినే అవకాశం దొరికితే ఒక్క జాగ్రత్త. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు ఒకటి రెండు డెసిబెల్స్ గట్టిగా మోగినది ‘మరింత స్పష్టంగా, మరింత నిండుగా’ అనిపిస్తుంది, గట్టిగా ఉందని మాత్రం అనిపించదు. ఆంప్లిఫయర్ నాబ్ కదపకుండా ఒకదాని నుంచి ఇంకోదానికి మారిస్తే సెన్సిటివిటీ ఎక్కువున్నదే నెగ్గుతుంది, అదీ ఆ 2.83 వోల్టుల పుణ్యాన 4 ఓమ్‌లదైతే మరీ సులువుగా. ఫోన్‌లో ఉచితంగా దొరికే సౌండ్ మీటర్ యాప్ ఖచ్చితమైన అంకె చెప్పకపోయినా తేడాను బాగానే పట్టిస్తుంది. కూర్చున్నచోట ఫోన్ పెట్టి, రెండింటినీ ఒకే స్థాయికి తెమ్మని షాపు కుర్రాణ్ని అడగాలి, ఆ తర్వాతే పాట పెట్టమనాలి.